నాలుగు వందల పన్నెండో అడుగు

పర్లాకిమిడి కాలేజీ ల్యాబులో
రాత్రి పదకొండయ్యింది.
తెర మీద కంచు గిన్నె సగం వంగి ఆగిపోయింది,
మళ్ళీ అదే అడుగులో.
నేను పరిచిన గళ్ళ వల
సుత్తి కింద లోహంతో పాటే సాగింది, ఒరిగింది.
అంచు దగ్గర ఒక గడి
విడిచిన చొక్కా చెయ్యిలా
తనలోకి తాను తిరగబడింది.
వైశాల్యం: సున్నాకి దిగువన.
అక్కడ ఏ లెక్కా నిలబడదు.

పగలు కంచరి వీధికి వెళ్ళాను.
ఎన్ని దెబ్బలకోసారి కొలిమిలో పెడతావు మామా, అంటే
గుంపస్వామి నవ్వేడు.
"దెబ్బలు నానెక్కడ లెక్కెట్టేను?
మోత మారతాది. అప్పుడాపీడమే.
ఆపకపోతే మరి సెప్పదు, పగిలిపోద్ది."
గిన్నెని పటకారుతో తిప్పి
నిప్పుల్లోకి తోసేడు.
తోలుతిత్తి పోయింది, చిన్న కరెంటు పంకా వచ్చింది.
చెవి మీద బీడీ మాత్రం అలాగే.

నా కొలిమి ఇది:
నలిగిన వల తీసేయడం,
అదే గిన్నె మీద, అదే వంపు మీద
కొత్తది పరవడం.
అంచున సన్నగళ్ళు, అడుగున వెడల్పువి.
పరిచాక గాని అసలు పని మొదలవదు.
పాత ముడుల దగ్గరున్నదంతా,
ఎంత వేడి, ఎంత సాగుడు, ఎన్ని దెబ్బల అలసట,
కొత్త ముడులకి అప్పజెప్పాలి.
కొత్త ముడి పాత ముడి మీద పడదు.
చుట్టూ ఉన్న నలుగురినీ అడిగి
సగటు రాసుకుంటుంది.

మా నాయనమ్మ పట్టా అలాగే రాసుకున్నారు.
సర్వే మళ్ళీ జరిగినప్పుడు
నూట ఆరో నంబరు మూడు ముక్కలై
ఒడియా అక్షరాల్లోకి దిగింది.
గేదెల పారమ్మ
గెదెలా పార్వతి అయింది.
పక్క చేలల్లో ఇద్దరు పార్వతులున్నారట.
మడి కదల్లేదు.
మహేంద్రతనయ నీళ్ళు ఆ గండిలోంచే వచ్చేవి.
ఆవిడ చివరిదాకా వేలిముద్రే వేసింది,
ఏ పేరు పక్కనైనా.

పన్నెండుంబావు.
అంచు దగ్గర సాగుడు
పాత వల మీద పాయింట్ ఎనభై మూడు,
కొత్త వల మీద పాయింట్ డెబ్బై తొమ్మిది.
లోహం ఏమీ మరిచిపోలేదు.
మరిచింది నేను.

మీట నొక్కాను.
నాలుగు వందల పదమూడు. పధ్నాలుగు.
గిన్నె వంగుతోంది,
మోత లేకుండా.
ఆ తగ్గిన నాలుగుని
ఎక్కడ కలపాలో తెలియక
నోటుబుక్కు అంచున
పెన్సిలుతో రాసుంచాను.