తలుపు కింద సందు

వాల్పరాయిసోలో జూలై వాన
పైనుంచి పడదు,
సముద్రం మీంచి అడ్డంగా వచ్చి చెంప మీద కొడుతుంది.
అలాంటి రాత్రి, కొండ ఎక్కించే పెట్టె చెడిపోయి
నూట అరవై రెండు మెట్లూ నా మోకాళ్ళతోనే ఎక్కి
తాళంచెవి కోసం సంచి తడుముతుంటే
గడప పక్కన పారేసిన గొడుగుగుడ్డ దగ్గింది.

నేను గొడుగులు బాగుచేసేదాన్ని.
గుడ్డ దగ్గదని నాకు తెలుసు.

పిల్లి. ఒక చెవి సగమే. తోకకి ఓడతారు.
నన్ను చూసి అరవలేదు, కాళ్ళకి చుట్టుకోలేదు,
ఎదురింటి గుమ్మమే నయమన్నట్టు అటు చూస్తూ కూర్చుంది.
అడిగుంటే లోపలికి తెచ్చేదాన్ని కాదేమో.

లోపల మినిస్త్రా ఉంది.
పేరుకి తగ్గట్టు మంత్రిగారే.
పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో మొదట తను,
తర్వాత తన కుర్చీ,
ఆ తర్వాత అద్దె కట్టే నేను.

కొత్తదాన్ని స్నానాలగదిలో పెట్టి తలుపు మూశాను.
ఆ తలుపు కింద రెండువేళ్ళ సందు.
పాత భూకంపానికి గుమ్మం ఒరిగినప్పటిది.
ఎన్నిసార్లు మొత్తుకున్నా బాగుచేయించలేదు
పిల్లికి బిచ్చం పెట్టని మా ఇంటాయన
దోన్ బల్దొమేరో.

సందుకి అటు ఒక ముక్కు, ఇటు ఒక బుస.
పిల్లి శాపాలకి ఉట్లు తెగవంటారు,
నా నిద్ర మాత్రం మూడు రాత్రులు తెగింది.
వంటింటికీ స్నానాలగదికీ మధ్య
కాలుగాలిన పిల్లిలా తిరిగింది నేనే.

రేవులో చేపలు కోసే ఓర్తెన్సియా చెప్పింది:
"దీని తువ్వాలు దానికి పరువు, దానిది దీనికి.
ముందు వాసనని కాపురానికి పంపు.
ఒళ్ళు తర్వాత వస్తుంది."
మార్చాను.
మినిస్త్రా ఆ తువ్వాలు చుట్టూ రెండుసార్లు తిరిగి
నా మంచమెక్కి
ఏం చేసిందో చెప్పను. దుప్పట్లు రెండుసార్లు ఉతికాను.

తడి దుప్పటి పిండుతుంటే గుర్తొచ్చింది,
తొమ్మిదో ఏట అట్టపెట్టెతో నన్ను
పిన్ని ఇంట్లో దించిన సాయంత్రం.
రొసౌరా ఏడవలేదు, పోట్లాడలేదు.
వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోంచి సుద్ద తీసి
దుప్పటి మధ్యన గీత గీసింది.
"ఇటు నాది," అంది. అటు నాదని మాత్రం అనలేదు.
నేను గోడకి అంటుకుని పడుకున్నాను,
ఊపిరి కూడా గీత దాటకుండా.
పొద్దున్నే చెరిగిపోయిన గీతని
ప్రతి రాత్రీ మళ్ళీ గీసేది.
ఆ చలికాలంలోనే ఎప్పుడో కాళ్ళు దాటాయి.
ఎవరివి ముందు దాటాయో
ఇప్పటికీ మా ఇద్దరికీ పేచీయే.

పన్నెండో రోజు తలుపు తీశాను.
తీయకుండా ఉండాల్సింది.
పూలకుండీ పోయింది, నా మోచెయ్యి చీరుకుపోయింది,
మంత్రిగారు బీరువా ఎక్కి ఒక పూటంతా దిగలేదు.
సగంచెవిది తనంతట తానే వెళ్ళి
స్నానాలగదిలో కూర్చుంది.
తలుపు నేను వెయ్యలేదు,
అది అలా చూస్తుంటే వెయ్యక తప్పలేదు.

దానికింకా పేరు పెట్టలేదు.
పేరు పెడితే మాటిచ్చినట్టే.
కానీ బజార్లో సార్దీన్లు రెండు ఎక్కువ కొంటున్నాను,
"ఎవరికి?" అని ఓర్తెన్సియా అడగడం మానేసింది.

నిన్న తెల్లారుజామున నీళ్ళకి లేచాను.
చీకట్లో మినిస్త్రా తలుపు ముందు పడుకుని ఉంది,
ఎప్పట్లాగే కోపంగా, వీపు తలుపుకి ఆనించి.
సందులోంచి తారంటిన తోక కొస ఒకటి
ఇటు వచ్చి ఉంది.
మంత్రిగారు దాన్ని చూడటం లేదు.
చాలా శ్రద్ధగా చూడటం లేదు.

ఇవాళ పదిగంటలకి, పదహారేళ్ళకి,
దోన్ బల్దొమేరో వడ్రంగిని పంపాడు.
పాపం కుర్రాడు, చెక్క మోసుకుని
మెట్లన్నీ ఎక్కొచ్చాడు.
టీ ఇచ్చి, విరిగిన కుర్చీకాలు చూపించి,
తలుపు బాగానే ఉందని చెప్పాను.