పదైదు పావులు

ఎర్రగుంట్ల దాటినాక
పాలిష్ మిషన్ల తెల్లబురద రోడ్డెక్కే మలుపులో
మా బడి.
ఆరో తరగతి. అన్నాల తర్వాతి పీరియడు.
కోడిగుడ్డు తిన్న కళ్ళు మూతపడే వేళ.

కింది అంకెతో పెద్దంకెను గుణించు,
పైదాన్ని కలుపు,
కిందిదాన్ని కదిలించకు.
ముప్పైరెండు గొంతులు గడగడా అప్పజెప్పాయి.
అప్పజెప్పడం వచ్చింది.
అంతే వచ్చింది.

నాగదస్తగిరి ఒక్కడు నోరు తెరవలేదు.
"ఎందుకు గుణిచ్చాల మేడం?"

పదకొండేళ్ళుగా చెబుతున్నానీ పాఠం.
ఎందుకని ఎవరూ అడగలేదు.
నన్ను నేనూ అడుక్కోలేదు.

సుద్దముక్క తీసుకుని నేల మీద కూర్చున్నాను.
మా గదిలో అసలు నల్లబల్ల నేలే,
ఈ ఊరి గనుల్లోంచి లేచొచ్చిన కడప బండ.
గడప నుంచి గోడ దాకా ఒక వరస లెక్కబెట్టమన్నాను.
నిండు బండలు మూడు.
గోడ దగ్గర చోటు చాలక
మేస్త్రీ కోసి ఇమిడ్చిన ముక్క ఒకటి.
"మూడూ ముప్పావు" అన్నారు.
సంతలో శనక్కాయలు కొలిపించుకున్నంత తేలిగ్గా.

"ఇప్పుడు బండల మాటొద్దు. పావులు చెప్పండి."

ఖాసింబీ పావడా ఎగదోపుకుని
మోకాళ్ళ మీద జరుగుతూ గీతలు గీసింది.
బండకు మూడు గీతలు, నాలుగు పట్టీలు.
నాలుగు. మళ్ళీ నాలుగు. ఇంకో నాలుగు.
గోడ పక్క ముక్కకు రెండే గీతలు.
"పదైదు!"
ఆ అరుపుకు వరండాలో కుక్క లేచి చోటు మార్చుకుంది.

పదైదు పైన, నాలుగు కింద.
అపక్రమ భిన్నం అని పక్కన రాశాను.
ఈ పేరు నాకెన్నడూ నచ్చదు,
పాపం అదేదో తప్పు చేసినట్టు.
వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు:
"మాయమ్మ కట్టెలమోపు ఎత్తుకున్నట్టుంది మేడం.
కింద మనిషి ఇంత. పైన మోపు అంత."

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.
నేల మీది గీతల్ని వేలితో తాకుతూ అన్నాడు:
"మా నాయన గనికి మూడు దినాలు పొయినాడు.
నాలుగో దినం ముప్పావు పొద్దుకి మిషన్ చెడిపాయ.
మూడింటికే కూలిచ్చినారు.
మిగిలింది చిల్లర లెక్క అన్న్యారంట."

కాసేపటికి తనే, మెల్లగా:
"పావులు లెక్కేసుకోనింటే పదైదు.
ఇచ్చింది పన్నెండుకి."

పుస్తకం చివర అభ్యాసంలో ఇట్లాంటి లెక్క లేదు.
జవాబుల పేజీలో అసలే లేదు.
గంట కొట్టారు. నాకు సంతోషమే వేసింది.
ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మర్నాడు సాయంత్రం తలుపు దగ్గరో మనిషి.
కనురెప్పల దాకా రాతిపొడి.
చేతిలో వాడి నోటుబుక్కు.
"ఈ పదైదు యాడనుంచి వచ్చె మేడం?"
కోపం కాదు. తెలుసుకోవాలనే.

చూపించాను. నిన్నటి గీతలు ఇంకా చెరగలేదు.
చెప్పులు బయటే వదిలి వచ్చి
వరస వెంట గొంతుక్కూర్చుని
గోడ దగ్గర ముక్క మీద జేన పరిచాడు.
"ఇది ముప్పావు కాదు మేడం.
రెండేళ్ళు తక్కువుంది."
నేను తడబడ్డాను.
"పోనీలే, లెక్క లెక్కే" అని
ఆ కాగితం చించమని కొడుక్కు చెప్పి
నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

అడిగాడో లేదో, ఇచ్చారో లేదో నాకు తెలియదు.

సోమవారం ప్రార్థన కాకముందే గది తలుపు తీసి ఉంది.
నాగదస్తగిరి బోర్లా పడుకుని
పావుకూ పావుకూ నడుమ ఇంకో గీత గీస్తున్నాడు.
"ఏందిరా?"
"అరపావులు మేడం. ముప్పై అయితాండాయి.
ఆ రెండేళ్ళు యాడ పోయినాయో చూస్తాండా."