ఒక పూటలో త్రియెస్తె

రండి, గొడుగులు బస్సులోనే వదిలేయండి.
ఇక్కడి గాలి పేరు బోరా.
గొడుగంటే దానికి మహా ఇష్టం,
ఎముకలు లెక్కపెట్టిగానీ వదలదు.
చలికాలం అది కొండ దిగొచ్చే రోజుల్లో
వీధి మలుపుల్లో తాళ్లు కట్టేవాళ్లు, పట్టుకు నడవడానికి.
మా నాన్న ఓసారి తాడు వదిలి టోపీ పట్టుకున్నాడు.
టోపీ దక్కింది. ముందుపన్ను పోయింది.

ఇదీ పెద్ద చౌకు.
మూడు వైపులా మేడలు, నాలుగో వైపు సముద్రం.
ఒక గోడ కట్టడం మరిచిపోయిన ఇల్లులా ఉందని
వచ్చినవాళ్లందరికీ చెబుతాను, అందరూ నవ్వుతారు.
మీరూ నవ్వారు.
పైన గంట దగ్గర నిలబడ్డ ఇద్దరు మికేజె, యాకేజె.
ఫోటోలు తీసుకోండి. ఐదు నిమిషాలు.

కాఫీ అడిగే పద్ధతి ముందే నేర్చుకోండి.
నెరో అంటే చిన్న కప్పులో చిక్కటి నలుపు.
కాపో ఇన్ బి అంటే చిట్టి గాజుగ్లాసులో, పైన కాస్త నురగ.
రోములో అడిగినట్టు ఇక్కడా అడిగారంటే
మీరనుకున్నది ఒకటి, వచ్చేది ఇంకొకటి.
పైగా తప్పు మీదే అన్నట్టు చూస్తాడు లివియో.

సముద్రంలోకి పొడుచుకుపోయిన ఆ రాతికట్ట మీద నడవండి.
అక్కడ చేసే పనేమీ ఉండదు.
చివరిదాకా వెళ్లాలి, తిరిగి రావాలి.
మా ఊరి ప్రేమలు, విడాకులు, ఇంటి బేరాలు
ఆ రెండువందల చిల్లర మీటర్లలోనే తేలుతాయి.

అల్లంత దూరాన తెల్లకోట, మిరమారె.
అందులో నిద్రపోయినవాళ్లు పరాయి నేలమీద పోతారని ఓ మాట.
మీకేం భయం లేదు,
సాయంత్రానికి తలుపులు మూసేస్తారు.

పాత రేవులో ఒక గిడ్డంగి.
యుద్ధం తర్వాత ఇస్త్రియా వదిలి వచ్చినవాళ్లు
మళ్లీ వచ్చి తీసుకుంటామని దింపిన సామాను.
కుర్చీలమీద కుర్చీలు, కాళ్లు పైకి.
మీరు వెళ్లి రండి, నేనిక్కడే ఉంటాను.
లేదు, కాలు నొప్పేం కాదు.

జాబితా అయిపోయింది. బస్సు ఒంటిగంటకు.
ఇంకా ఓపికుంటే,
కంపెనీవాళ్లు చూపించమన్నది కాదు గానీ,
దీపస్తంభం పక్కన ఓ గులకరాళ్ల తీరముంది.
నడిమధ్యన తెల్లటి గోడ, నీళ్లలోకంటా దిగిపోతుంది.
ఇటు ఆడవాళ్లు, పిల్లలు. అటు మగవాళ్లు.
ఎప్పుడో చక్రవర్తుల నాటిది.
రాజ్యాలు మారాయి, జెండాలు మారాయి.
గోడ తీసేస్తారట అని ఎవరో అన్నందుకే
మా అమ్మ చెప్పు చేతిలోకి తీసుకుంది.

అమ్మ పేరు ఒందీనా. ఎనభై మూడేళ్లు.
అదిగో, నీలం తువ్వాలు, చాపిన కాళ్లు, పేకాట.
నలభై వేసవులు నాన్న గోడకు అవతల.
పన్నెండు కొట్టగానే ఓ ఈల వేసేవాడు
ఆ పన్ను సందులోంచి,
సగం ఈల, సగం గాలి.
అమ్మ ముక్కలు బోర్లించి లేచేది.
గేటు దగ్గర నిలబడి
సార్దీన్ చేప పెట్టిన ఒకే రొట్టె ఇద్దరూ తినేవాళ్లు,
పెద్దగా మాటలుండేవి కావు,
మళ్లీ ఎవరి వైపు వాళ్లు.

నాన్న పోయాక మొదటి జూన్‌లో
అమ్మ రానంది. నేనే లాక్కొచ్చాను.
పన్నెండైంది.
గోడ అవతల ఎవరో ఈల వేశారు.
వంకరగా, గాలి కలిపి.
పళ్లన్నీ ఉన్నవాడైతే
దానికెన్నాళ్లు సాధన చేశాడో.
అమ్మ చాలాసేపు ముక్కలవైపే చూసింది.
తర్వాత లేచి, రొట్టె సగం తుంచి, కాగితంలో చుట్టి,
టిక్కెట్లు అమ్మే దూషాన్ చేతికిచ్చింది.
"అటువైపుకి" అంది.
ఎవరికని అతనూ అడగలేదు.

ఆరేళ్లవుతోంది. ఆ మనిషెవరో నాకు తెలియదు.
అమ్మకు తెలుసేమో, చెప్పదు.

ఇప్పుడు పన్నెండుకు నాలుగు నిమిషాలు తక్కువ.
కెమెరాలు కాసేపు సంచుల్లో పెట్టండి.
ఇది చూసేది కాదు.