నలభై రూపాయలు ఎక్కువ

ముప్పయ్యో తారీకు రాత్రి
ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన డైరీ తెరిచాను.
పగలంతా మందుల ఏజెన్సీలో
ఎవరివో లక్షలు కూడి, తీసి వచ్చిన చేతికి
సొంత లెక్కెప్పుడూ చిన్న అక్షరాలే.

నా జీతం ఇరవై ఆరు వేల ఎనిమిదొందలు.
దమయంతి బడి నుంచి తెచ్చేది తొమ్మిది వేలు,
వేసవి సెలవుల్లో అదీ సగమే.
బలగలో రెండు గదులకి ఏడున్నర,
నీళ్ళ మోటారుకి వేరే మూడొందలు.
ఇంటాయన నవ్వుతూనే అడుగుతాడు,
ఆ నవ్వుకింకా రేటు పెట్టలేదు.
చీటీ. పాప ఫీజు వాయిదా. గేసు బండ.
పాతిక కిలోల బియ్యం మూట.
టమాటా ధర విని
చింతపండు చారుతోనే గడిపేసిన వారం ఒకటి.
ఒక ఆదివారం కళింగపట్నం కానాగంతలు,
మిగిలిన ఆదివారాలు ఎండు నెత్తళ్ళు.
వాటి వాసన మాత్రం
వీధి చివరిదాకా విందని చెప్పొచ్చింది.

ఆఖర్న ‘ఇతరములు’ అని ఒక గడి.
మా ఆవిడ దాన్ని ఎలక కన్నం అంటుంది.
కూర్మారావు కూతురి పెళ్ళికి చదివింపులు,
ఫోను రీఛార్జి,
పాప పారేసుకున్న జామెట్రీ బాక్సు,
ఏడు రోడ్ల కూడలిలో వాన పట్టుకుంటే
చూరు కింద నిలబడ్డందుకు తాగిన టీ,
అన్నీ అందులోకే పోయాయి.

కూడాను. తీశాను.
డబ్బాలో చెయ్యి పెట్టి చిల్లరతో సహా ఎంచాను.
నలభై రూపాయలు ఎక్కువ.

తక్కువైతే నాకలవాటే.
తక్కువకో కారణం ఉంటుంది,
కారణం లేకపోతే ఎలక కన్నముంది.
ఎక్కువెలా వస్తుంది?
పెన్ను మార్చి మళ్ళీ కూడాను.
ఏజెన్సీలో ఇలా తేలితే
ఎవరికో బిల్లు ఎక్కువేశామన్నమాట.
ఇక్కడ ఎవరికేశాను?

పాపకి జడ విప్పుతూ దమయంతి అంది,
"ఏటంత ఇదైపోతారు?
నాలుగు సాయంత్రాలు ఆటో ఎక్కలేదు, అంతే.
పాత వంతెన మీద నాగావళి గాలొస్తాది.
ఆటోలో ఆ గాలేదీ?"
మరి పోయిన్నెల?
"పోయిన్నెల పాపకి నోటుపుస్తకాలు తక్కువడ్డాయి కదా."
అంతకు ముందు నెల అడగలేదు.

గుమ్మం దగ్గర ఆమె చెప్పులున్నాయి.
ఎడమ మడమ కాగితంలా అరిగింది,
కుడిదాని పట్టీకి నల్లదారం కుట్టు,
చెప్పేమో గోధుమ రంగు.
కొత్త జత మూడొందల యాభై.
అంటే ఇంకో ముప్పై ఐదు సాయంత్రాలు.
ముప్పై ఐదు సాయంత్రాలకి
ఆ కొత్త జత ఎంత అరుగుతుందో
వెయ్యబోయి ఆ లెక్క వెయ్యలేదు.

జమ వైపు
‘వంతెన మీది గాలి’ అని రాసి
సిగ్గేసి కొట్టేశాను.

"తేలింది కదా, లైటు తీసెయ్యండి,
మీటరు తిరుగుతాది."

లైటు తీశాను.
నాలుగు పది కాగితాలు
ఏ గడిలో రాయాలో తెలీక
చీకట్లో ఇంకా చేతిలోనే ఉన్నాయి.