బల్బు ఊగితే భూమి

రాత్రి రెండింటికి మెలకువొస్తే
నేను ముందు చూసేది గడియారం కాదు,
పైకప్పుకి వేలాడే బల్బు.
అది ఊగుతోందంటే భూమి.
ఊగడం లేదంటే నేను.

వాల్పరైసోలో ఇది ఉగ్గుపాలతో నేర్పే విద్య:
ముందు దీపం చూడు, తర్వాత తలుపు చూడు,
ఆ తర్వాతే దేవుణ్ణి తలుచుకో.
ఈ మధ్య నా దీపం కదలడమే లేదు.
కదిలేదంతా ఎడమ పక్కటెముకల కింద,
పిడికెడంత ఊరు.

ఎలా ఉంటుందని అడిగింది మైతే,
నాతో గది పంచుకునే పిల్ల.
చీకట్లో మెట్లు దిగుతూ
ఇంకోటుందనుకుని కాలేస్తావు చూడు,
అక్కడ మెట్టుండదు. అలా, అన్నాను.
పడ్డావా, అంది.
పడలేదు.
మరింకేం, అని అటు తిరిగి పడుకుంది.

నాకు ఇరవై నాలుగు.
కొండ లిఫ్టులో టికెట్లు చింపుతాను.
తాతల నాటి చెక్క పెట్టె అది,
పైది దిగితే కిందది ఎక్కుతుంది.
కిర్రుమన్నంతసేపూ భయం లేదంటాడు మెకానిక్ ఫెర్మీన్,
చేతికంటిన గ్రీజు ప్యాంటుకి తుడుచుకుంటూ.
లిఫ్టు చెడిన రోజు నూట అరవై మెట్లూ
పరుగున ఎక్కుతాను. అప్పుడేమీ కాదు.
టీ ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు,
జుట్టు చిక్కు తీసుకుంటున్నప్పుడు,
ఏ పనీ లేని చోట వచ్చి కూర్చుంటుంది
అప్పులవాడిలా.

రెండు వేళ్ళు మెడ మీద.
డెబ్బై రెండు. డెబ్బై ఆరు.
లెక్కపెడుతున్నానని దానికి తెలిసి, తొంభై.
లెక్కపెడితే పెరిగే ఆస్తి
లోకంలో ఇదొక్కటే.

కాఫీ మానేశాను. వైన్ మానేశాను.
ఎడమవైపు తిరిగి పడుకోవడం మానేశాను.
ఓ ఆదివారం ఎలీసెయో ముద్దుపెట్టుకుంటే దడ వచ్చింది,
ఏ దడో తేల్చుకోలేక
అతణ్ణీ మానేశాను.

ఆసుపత్రిలో ఛాతీకి ఐదు తీగలంటించి
నడుముకో పెట్టె కట్టారు, ఒక రోజు మొయ్యమని.
ఏం చేశావో, ఎప్పుడో రాయమని కాగితం ఇచ్చారు.
ఎనిమిదింటికి రొట్టె, అవకాడో.
తొమ్మిదీ పదికి ఒకటి తప్పింది.
తొమ్మిదీ పన్నెండుకి తప్పుతుందేమోనని చూశాను, తప్పలేదు.
రేవులో ఓడ కూత, ఉలిక్కిపడ్డాను.
రాత్రి పదింటికి, భయంగా ఉంది.
అది రాయొచ్చో లేదో తెలీదు. రాశాను.

తెల్లారి తలుపు తీస్తే
మెట్ల నిండా దుప్పట్లు కప్పుకున్న జనం.
నాలుగూ పన్నెండుకి వచ్చిందట.
కింది ఇంటి దోన్యా ఒతీలియా చంకలో పిల్లి,
అలమరలో రెండు పళ్ళేలు పోయాయని ఏడుపు.
మైతే చెప్పుల్లేకుండా ఉంది.
లేపితే లేవలేదు నువ్వు, అంది,
నిన్నొదిలేసి పరిగెత్తాను, ఏమనుకోకు.

డాక్టరు ఉర్సువా పొడవాటి కాగితం పరిచింది.
పదిహేడు తప్పటడుగులు, అంది.
అందరి గుండెలూ వేస్తాయమ్మా,
నీకు వినబడుతున్నాయి, అంతే.
వేలు జరుపుకుంటూ పోయి
నాలుగూ పన్నెండు దగ్గర ఆగింది.
ఊరంతా వీధిలో నిలబడ్డ నిమిషం,
నా గీత దువ్విన జుట్టులా ఉంది.
యాభై ఎనిమిది.
ఆవిడ కాసేపేం మాట్లాడలేదు.
నాది నూట ముప్పై దాటుంటుంది, అంది తర్వాత,
నైటీతో, ఒక్క చెప్పుతో, రోడ్డు మీద.

నిబ్బరం వచ్చేసిందని చెప్పను.
కాగితం చూసి గుండెని నమ్మడం
పత్రాలు చూసి ఇల్లు కొనడం లాంటిదే,
వాన పడ్డాక గానీ తెలీదు.
బస్సులో చెయ్యి మళ్ళీ మెడ దగ్గరికి పోయింది.
సగం దారిలో ఆపి
కిటికీ కమ్మీ పట్టుకున్నాను.
సాయంత్రం కాఫీ తాగాను, అర కప్పు.

రాత్రి రెండింటికి బల్బు ఊగుతోంది.
మైతే గుర్రు పెడుతోంది, భూమి కాదు.
వేళ్ళు పెట్టి చూశాను, నేనూ కాదు.
కిటికీ తీసి ఉంది,
సముద్రం మీంచి గాలి.
లేచి వేసొచ్చాను.