రెండడుగులు

తుపాను వెళ్లిన నలభై మూడో రోజున వచ్చారు వాళ్లు,
కొండ దిగువ చర్చి వాళ్లు.
పదకొండు మంది, రెండు నిచ్చెనలు,
డబ్బా నిండా వంకర మేకులు.
నేను పిలవలేదు.
ఆ చర్చి గడప తొక్కి పందొమ్మిదేళ్లయింది.

డొమినికాలో మా కొండవాలు మీద
అప్పటికి ఆకన్నది లేదు.
బే ఆకు నూనె కాచే బట్టీ ఒక్కటే
ఎందుకో బానతో సహా నిలబడింది.
మిగతాదంతా నీలం టార్పాలిన్లు.
గాలి వేస్తే ఊరు ఊరంతా
ఒక్కసారే ఊపిరి పీల్చేది.

లారోండ్ మేస్త్రికి ఎడమ బొటనవేలు సగమే.
నా గోడలు తట్టి చూశాడు, పుచ్చకాయ తట్టినట్టు.
"గట్టివే ఇస్మెల్దా. నెత్తి మీదే ఏమీ లేదు."
"నా నెత్తి సంగతి నీకెందుకు?" అన్నాను.
ప్రార్థన చేద్దామా అనలేదు అతను.
మేకులు సాగగొట్టడానికి రాయి ఉందా అని అడిగాడు.

ఉంది. గట్టు రాయి.

నా తోటకీ ఫిల్బర్ట్ తోటకీ అది హద్దు.
ఒక రాత్రి రెండడుగులు నా వైపు నడిచింది.
రాళ్లకు కాళ్లుండవని నేను,
దేవుడు తలిస్తే ఏదైనా నడుస్తుందని అతను.
ఫాదర్ అతని పక్షం.
చర్చి గంటకు తాడు కొనిచ్చినవాడు మరి.
ఆ ఆదివారం నుంచి నాకు కొండ దిగే పని లేకపోయింది.

తుపాను రాత్రి కొండే జారింది.
నా అరటి చెట్లు, అతని చేమదుంప మళ్లు,
మధ్యలో ఆ రెండడుగులు,
అన్నీ కలిసి లోయలోకి, లోయ నుంచి సముద్రంలోకి.
రాయి దొర్లుకుంటూ వచ్చి నా గుమ్మం ముందు ఆగింది.
ఫిల్బర్ట్ దొరకలేదు.

ఆ రాయి మీదే మేకులు సాగగొట్టింది కెర్లీన్.
పద్నాలుగేళ్లు. వాళ్లమ్మ చెప్పులు వేసుకొచ్చింది.
పది దెబ్బలకొకటి వేలి మీద.
ప్రతిసారీ ఒక బూతు పెదవి దాకా వచ్చి
"యేసయ్యా" అయి బయటపడేది.
నేను విన్నానని దానికి తెలుసు.

కలప చాల్లేదు. రేవులో ఓడ ఇంకా దిగలేదు.
మూడో రోజు పొద్దున్నే
పొడుగాటి బల్లలు భుజాన మోసుకొచ్చారు.
వార్నిషు, కొవ్వొత్తి మైనం,
ఎన్నో ఆదివారాల చెమట.
వాసనతోనే పోల్చుకున్నాను.
"చర్చికే కప్పు లేదు కదయ్యా" అన్నాను.
"అందుకే, వానలో ఎవరు కూర్చుంటారు వీటి మీద?
నిలబడతాంలే. ప్రసంగమూ పొట్టిదవుతుంది."

వాసానికొక ఇనప పట్టీ బిగించి,
వాటి మీద అడ్డంగా బల్లలు పరుస్తున్నారు.
నాలుగోది ఎక్కించాక కెర్లీన్ మెడ ఎత్తి చదివింది.
కత్తితో చెక్కిన, పిల్ల చేతి అక్షరాలు:
ఫిల్బర్ట్.
చివరి అక్షరం చోటు చాలక గీత దాటిపోయింది.
అప్పటి నుంచే ఉందన్నమాట ఆ అలవాటు.

సుత్తులు ఆగాయి. ఊళ్లో తెలియనిదెవరికి?
"తిప్పి కొట్టనా?" అన్నాడు లారోండ్,
"పేరు రేకు వైపు పోతుంది."

పొయ్యి మీద కోకో టీ పొంగుతోంది. దించాను.
జాజికాయ గీరాను.
కావలసిన దానికన్నా చాలా గీరాను.

"ఉండనీ" అన్నాను.
"రెండడుగులు మాత్రం అటు జరపండి."

జరిపారు.
కెర్లీన్ నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది.

మొన్న రాత్రి మొదటి వాన.
కొత్త రేకు మీద చెవులు పగిలే చప్పుడు.
గోడలు పొడి, పక్క పొడి.
ఒక్క చోటే కారుతోంది,
ఆ చివరి అక్షరం కింద.

గిన్నె పెట్టి పడుకున్నాను.
లారోండ్‌కి ఇంకా చెప్పలేదు.