తువ్వాలు కింద చెయ్యి

కందుకూరు బస్టాండెదురు లాడ్జీలో
వైఫై పాస్‌వర్డు గోడమీదే రాసుంటుంది,
బొగ్గుతో, దోమల చుట్ట ధర పక్కనే.
మందుల శాంపిళ్ల సంచి తలకింద పెట్టుకుని
వీపీఎన్‌లు బేరమాడుతున్నాను.

ఊరికే ఇస్తానంటుంది ఒకటి.
ఒకటి మొదటి ఏడు నెలకి నూటముప్పై,
రెండో ఏటి ధర చీమతలంత అక్షరాల్లో.
అరవై దేశాల జెండాలు పరిచింది ఇంకొకటి,
పామూరు దాటితే పనిలేని నాకు.
జీతం పడిందా అని చూసుకోవాలి, అంతే.

పక్క మంచం మౌలాలి మామ, ఎద్దుల దళారి,
బీడీ ఆర్పి అడిగాడు: "ఏందబ్బయా అది?"
చెప్పాను.
"ఓ, తువ్వాలా!"

సంతలో ధర వేళ్లమీద,
వేళ్లు తువ్వాలు కింద.
మూగినోళ్లకి గుడ్డ కదలడమే కనపడుద్ది.
"సరే, లోపల నీ వేళ్లు పట్టుకోనుండేది ఎవురు?"

ఊరికే వచ్చేదాన్ని అప్పుడే తీసేశాను.
మిగతావాళ్లు ఏం రాసుకుంటారో, ఏం చెరిపేస్తారో
కరెంటు పోయిందాకా చదివాను.
చివరికి నెల్నెల్లా కట్టేదొకటి,
నచ్చకపోతే చెయ్యి వెనక్కి తీసుకోవచ్చని.

మామ అప్పటికే గురక.
కిటికీకి ఆరేసిన ఆయన తువ్వాలు
వీధి దీపానికి అడ్డంగా ఊగుతోంది.
రెండు చిల్లులున్నాయి దానికి.